రెండు సగాల లెక్క

ఈ లోకంలో మామగారు నమ్మనిది ఒక్కటే, బిల్లు. మిగతావాటినీ నమ్మేవారు కాదు గానీ, వాటిని అనుమానించడానికి ఆయనకు బిల్లుల నుంచి తీరిక దొరికేది కాదు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు పెద్దలు. మామగారు వాసాలతో ఆగేవారు కాదు. వాటికి కొట్టిన మేకులు కూడా లెక్కపెట్టి, రెండు తక్కువున్నాయని ఇంటివాళ్ళకు చెప్పి మరీ వచ్చేవారు.

ఆయన ముప్పై నాలుగేళ్ళు తూనికలు, కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఆ ఉద్యోగం ఆయన్ని వదిలి ఆరేళ్ళయింది గానీ, ఆయన దాన్ని వదల్లేదు. ఏ దుకాణంలోనైనా బిల్లు చేతికి రాగానే ముందు వెలుతురుకేసి పట్టుకుని చూస్తారు. తర్వాత చెవి మీంచి పెన్సిలు తీస్తారు. ఆ తర్వాత కుడిచెయ్యి పైకెత్తి ఒక్క మాటంటారు.

"ఆగండి."

ఆ మాటకి వెనకున్న క్యూ మొత్తం ఉసూరుమంటుంది. ఆ పేటలో కొందరు దుకాణదారులు ఆయన మలుపు తిరగడం చూడగానే 'భోజన విరామం' బోర్డు తగిలించేవారు. పొద్దున్న తొమ్మిదింటికి కూడా.

ఆ ఇంటి అల్లుడికి ఈ సంగతి పెళ్ళికి ముందు ఎవరూ చెప్పలేదు. చెబితే పెళ్ళి ఆగుతుందని భయపడి ఉంటారని అతని అనుమానం. అల్లుడు బళ్ళో డ్రాయింగు మాస్టారు. ఏనుగుని ఐదు గీతల్లో వేసేస్తాడు గానీ, ఐదు ఏనుగులకి కాళ్ళెన్ని అంటే వేళ్ళు వెతుక్కుంటాడు.

"మా నాన్నతో బజారుకెళ్తున్నారా? అయితే కడుపునిండా తిని వెళ్ళండి," అంది భార్య మొదటిసారి.

"సబ్బు కొనడానికేగా?"

"అందుకే చెప్తున్నా."

సబ్బు కొనడానికి రెండున్నర గంటలు పట్టింది. విడిగా కొంటే సబ్బు తొమ్మిది రూపాయలు. మూడు సబ్బుల పెట్టె ముప్పై. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో 'చవక బేరం' అని ఉంది.

"ఆగండి. మూడు తొమ్మిదులు ఎంతయ్యా?" అన్నారు మామగారు.

"ఇరవై ఏడండి."

"మరి ముప్పై ఎందుకు?"

"పెట్టె కూడా వస్తుంది కదండీ," అన్నాడు కొట్టతను, అదేదో వరమైనట్టు.

"పెట్టెతో ఒళ్ళు రుద్దుకోమంటావా?"

అల్లుడు ఆ రోజే ఒక నిర్ణయానికి వచ్చాడు. మామగారిది పిసినారితనం, దానికి లెక్కల ముసుగు వేసుకున్నారు, అంతే. ఆ నిర్ణయం టీ హోటల్లో కొంచెం కదిలింది. అక్కడ బిల్లు నూరయింది. దాని మీద సర్వీసు చార్జి పది శాతం వేశారు, మళ్ళీ పాత ఖాతాదారులని పది శాతం తగ్గించారు. చివరికి కట్టవలసింది తొంభై తొమ్మిది అని మిషను చెప్పింది. హోటలతను బుర్ర గోక్కుంటూ నించున్నాడు.

"మిషను పాడైనట్టుంది సార్. పది వేశాం, పది తీశాం. చెల్లుకి చెల్లు. నూరే రావాలి."

"ఆగండి. పది వేస్తే నూట పది అయిందా? నూట పదిలో పది శాతం పదకొండు. తీసేస్తే తొంభై తొమ్మిదే. మిషను బాగానే ఉంది, బాగోలేనిది నీ లెక్క. ఒక రూపాయి నీకు నష్టం."

"ఒక్కటేగా, పోనివ్వండి సార్," అని అతను పళ్ళికిలించాడు.

మామగారి కళ్ళు చిన్నవయ్యాయి. "అల్లుడుగారూ, నష్టపోతూ నవ్వేవాణ్ణి నేనెప్పుడూ నమ్మను," అని, నూరు బల్ల మీద పెట్టి లేచారు. అతను వెనకనించి పిలిచి రూపాయి తిరిగి ఇవ్వబోతే, అందులో ఏం మతలబుందోనని మరీ వేగంగా నడిచారు. పిసినారి రూపాయి వదులుకుని పారిపోవడం అల్లుడికి మింగుడు పడలేదు. దీని వెనక ఇంకేదో ఉందని అతనికి అనుమానం పట్టుకుంది. ఆ ఇంటి గాలి అలాంటిది, సోకిందంటే ఎవరికైనా అనుమానం అంటుకుంటుంది.

ఇదంతా ఒక ఎత్తు, మడత కుర్చీ వ్యవహారం ఒక ఎత్తు.

అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. వంటింట్లో కూచోవడానికి మడత కుర్చీ కావాలన్నారు. ఆ ఆదివారం ఇంటిసామాన్ల పెద్ద దుకాణంలో తగ్గింపు అమ్మకం పెట్టారు. గాజు తలుపుల మీద గుర్రమంత అక్షరాలు. 'అన్ని వస్తువులూ సగం ధరకే! సభ్యత్వ కార్డు ఉన్నవారికి అదనంగా మరో సగం తగ్గింపు!' అత్తగారి దగ్గర కార్డుంది. మామగారు అప్పుడే కొన్న రొట్టె సంచిలో పెట్టుకుని, కార్డు జేబులో వేసుకుని, అల్లుణ్ణి వెంటేసుకుని బయల్దేరారు.

కార్డులవాళ్ళకి నాలుగో కౌంటరు కేటాయించారు. మామగారు క్యూలో నిలబడి ముందూ వెనకా పరికించారు.

"అల్లుడుగారూ, జనం నవ్వుతూ నిలబడ్డ క్యూ ఎక్కడైనా చూశారా?"

"లేదండి."

"నేనూ చూళ్ళేదు. ఇక్కడేదో జరుగుతోంది."

వాళ్ళకి ముందున్నాయన తోపుడుబండి మీద నిలువెత్తు అలమర పెట్టుకున్నాడు. బిల్లు చేతిలో పడగానే, వెనక్కి తిరిగి చూడకుండా, నిప్పంటుకున్నట్టు తలుపు వైపు బండి తోశాడు. మామగారు ఆయన వీపుకేసి చాలాసేపు చూశారు.

కౌంటర్లో నలభై అయిదేళ్ళ ఆవిడ. చేరి మూడు వారాలే అయింది. అంతకుముందు ఇరవై ఏళ్ళు ఇంట్లో కుట్టుమిషను తొక్కింది. కార్డు తగ్గింపు మాత్రం మిషన్లో చేత్తోనే కొట్టాలి.

"కుర్చీ నాలుగొందల ఎనభై. దుకాణం సగం తగ్గించింది, కార్డు ఇంకో సగం తగ్గించింది. మీరేమీ ఇవ్వక్కర్లేదు బాబాయిగారూ, పట్టికెళ్ళండి," అందావిడ చల్లగా.

"ఆగండి."

వెనక క్యూలోంచి ఎవరో మూలిగారు.

"ఏమీ ఇవ్వక్కర్లేదంటే ఏమిటమ్మా?"

"ఊరికేనండి. సగం చొక్కా గుడ్డ, ఇంకో సగం చొక్కా గుడ్డ కలిపితే పూర్తి చొక్కా అవుతుంది కదండీ. అలాగే తగ్గింపు పూర్తయిపోయింది."

"పొద్దుట్నుంచీ అందరికీ ఇలాగే ఇచ్చావా?"

"అందరికీ ఒకటే లెక్కండి. నా దగ్గర పక్షపాతం లేదు."

"పెద్దాయనా!" అని అరిచింది వెనక పరుపు ఎత్తుకున్నావిడ. "మీకొద్దంటే ఇంటికెళ్ళండి. మా నోటి దగ్గర కూడు తన్నకండి!"

అల్లుడు మామగారి మోచెయ్యి పట్టుకుని గొణిగాడు. "మామయ్యగారూ, వాళ్ళే ఇస్తున్నారు కదా. మనకెందుకండీ?"

"ఊరికే వచ్చింది ఎక్కడనించి వచ్చిందో తెలిసేదాకా నేను ముట్టను. మేనేజరుని పిలవండి."

మేనేజరు వచ్చాడు. మెడకి టై, మొహానికి నవ్వు, రెండూ బిగించి కట్టుకుని ఉన్నాడు. సంగతంతా విని, పిల్లలకి చెప్పినట్టు నెమ్మదిగా చెప్పాడు.

"చూడండి సార్. ఏ వస్తువుకైనా ఉండేవి రెండు సగాలే. మొదటి సగం దుకాణం తగ్గించింది. రెండో సగం కార్డు తగ్గించింది. మూడో సగం ఉందంటే చెప్పండి, అది మీ దగ్గర పుచ్చుకుంటాం."

క్యూ అంతా చప్పట్లు కొట్టింది. అల్లుడికి కూడా అది సబబుగానే తోచింది. నిజమే, మూడో సగం ఎక్కడుంది?

మామగారు కుర్చీ బిల్లు అందుకుని, చెవి మీంచి పెన్సిలు తీశారు. బిల్లు తిరగేసి, పెన్సిలుతో సహా ముందుకు తోశారు. "ఆ ముక్కే దీని మీద రాసి, సంతకం పెట్టండి."

"తప్పకుండా సార్," అని మేనేజరు కులాసాగా రాశాడు. 'రెండు సగాలు కలిపి పూర్తి తగ్గింపు. నాలుగో కౌంటరు లెక్క సరైనదే.' కింద పొడుగాటి సంతకం గీకాడు. అల్లుడు అప్పుడే జరగబోయేదంతా ఊహించేసుకున్నాడు. ఇంక ఇది కోర్టుకి వెళ్తుంది, సాక్షిగా తనే బోనెక్కాలి, జడ్జిగారు కూడికలు అడుగుతారు.

మామగారు ఆ కాగితం మడిచి లోపలి జేబులో పెట్టుకున్నారు. అప్పుడు సంచిలోంచి రొట్టె తీశారు. నడిమికి విరిచి ఒక సగం కౌంటరావిడ చేతిలో పెట్టారు.

"ఇది దుకాణం తగ్గించిన సగం. నా దగ్గర ఎంతుంది?"

"సగమండి."

"కార్డు తగ్గించేది దేంట్లోంచి? నా చేతిలో ఉన్నదాంట్లోంచేగా? నీ చేతిలోది అయిపోయిన బేరం." మిగిలిన సగాన్ని మళ్ళీ విరిచి ఒక ముక్క మేనేజరుకిచ్చారు. "ఇప్పుడు చెప్పండి. నా దగ్గర ఏమైనా ఉందా, లేదా?"

మేనేజరు తన చేతిలో ముక్కకేసీ మామగారి చేతిలో ముక్కకేసీ మార్చి మార్చి చూశాడు. ముందుగా అర్థమైంది కౌంటరావిడకే. "అయ్యో అయ్యో! పావు మిగిలింది! నూట ఇరవై!" అంటూ తల పట్టుకుని కుర్చీలో కూలబడింది. ఆ నవ్వుతున్న క్యూ ఎటు పోయిందో తెలియదు, క్షణంలో ఖాళీ అయింది. పరుపు మాత్రం నేల మీద మిగిలింది.

అంతవరకూ పాలమీగడలా ఉన్న మేనేజరు గొంతు ఒక్కసారి గరుకెక్కింది. "నీకు లెక్కలు రాకపోతే చెప్పి చావద్దా? పదిహేడు మంది పట్టికెళ్ళిపోయారు! ఇప్పుడు ఎవడు కడతాడు?" అంటూనే యజమానికి ఫోను చేశాడు. అవతల గొంతు బయటికి కూడా వినపడింది. శనివారం లోగా రావలసిన సొమ్ము పెట్టెలో పడాలి, లేకపోతే నాలుగో కౌంటరు మనిషి ఆదివారం నించి రానక్కర్లేదు.

"నాకీ ఉద్యోగం పోతే ఇంకోటి ఇచ్చేవాళ్ళు లేరు సార్. కుట్టుమిషను అమ్మేసి వచ్చాను," అందావిడ. పెద్దగా అనలేదు. రొట్టెముక్క ఇంకా చేతిలోనే ఉంది.

ఇంత గొడవకీ కారణం మామగారేనని అల్లుడికి ఒళ్ళు మండింది. నోరు మూసుకుని కుర్చీ పట్టుకొస్తే ఈవిడ సాయంత్రం దాకానైనా హాయిగా ఉండేది కదా అనుకున్నాడు. సాయంత్రానికి పదిహేడు మంది నూట డెబ్భై మంది అయ్యుండేవారన్న సంగతి అతనికి ఇంటికెళ్ళాక, భార్య చెబితే తట్టింది.

మామగారు లోపలి జేబులోంచి కాగితం తీసి మేనేజరు ముక్కు కింద పెట్టారు. "కౌంటరు లెక్క సరైనదేనని ఎవరో రాశారు. సంతకం పోల్చుకోలేకపోతున్నాను. మీ యజమానిగారిని అడగమంటారా?"

మేనేజరు టై వదులు చేసుకున్నాడు. "ఏం కావాలండీ మీకు?"

"ఆ పదిహేడు మంది పేర్లు, చిరునామాలు, ఎవరెంత ఇవ్వాలో. మీ దుకాణం రసీదు పుస్తకం ఒకటి. ఆవిణ్ణి శనివారం దాకా ఒక్క మాటనకూడదు. ఇదిగో నా నూట ఇరవై. రసీదివ్వండి."

పదిహేడు మంది పట్టికెళ్ళిన సరుకు విలువ ఇరవై ఆరు వేల నాలుగు వందలు. అందులో పావు, ఆరు వేల ఆరు వందలు. అది ఇల్లిల్లూ తిరిగి వసూలు చెయ్యాలి.

"ఇందులో మనకేమైనా కమిషనుందాండీ?" అని అడిగాడు అల్లుడు దారిలో. అతని దృష్టిలో అది న్యాయమైన అనుమానమే.

మామగారికి కోపం రాలేదు. నాలుగడుగులు నడిచాక చెప్పారు. "ఉద్యోగంలో చేరిన మొదటేడు ఒక కొట్లో తక్కెడ తేడా పట్టుకున్నాను. జరిమానా రాశాను. పెద్ద వీరుణ్ణనుకున్నాను. ఆ కొట్టాయన జరిమానా మొత్తం తూచేవాడి జీతంలోంచి కోశాడు. నాలుగు నెలలు. తప్పు తక్కెడది అల్లుడుగారూ, తక్కెడ ఓనరుది. కట్టింది తూచేవాడు. ఎక్కువైనా తక్కువైనా సరే, బిల్లు కౌంటరు దాటిందంటే ఆ తప్పు అటువైపు నించున్నవాడి నెత్తిన పడుతుంది. దాటకముందే పట్టుకోవాలి. అంతే."

అల్లుడు నడక ఆపేశాడు. టీ హోటల్లో వదిలేసిన రూపాయి, సబ్బుల కొట్లో రెండున్నర గంటలు, ఇన్నాళ్ళూ తను సిగ్గుతో చచ్చిపోయిన క్యూలన్నీ వరసగా గుర్తొచ్చాయి. ఇంత మంచితనాన్ని ఇంత చిరాగ్గా చూపించే మనిషి ఇంకొకరుండరు.

"రండి, ఎండెక్కుతోంది," అన్నారు మామగారు.

ఆ వారమంతా బడి అవగానే అల్లుడి పని అదే. జీవితమంతా ఊరిని అనుమానించిన మనిషిని ఊరు అయిదు రోజుల్లో వడ్డీతో సహా అనుమానించింది. తలుపు సందులోంచి ఒక కన్ను మాత్రమే చూపించి మాట్లాడేవారు. ఒకాయన రసీదు పుస్తకం మీద ముద్రని గోటితో గీకి చూశాడు. ఒకావిడ, "దుకాణం వాళ్ళయితే రొట్టె ముక్కలు పట్టుకుని తిరుగుతారేమిటి?" అని కుక్కని వదిలింది. మామగారు ఇంటింటికీ ఒక రొట్టె విరవవలసి వచ్చేది. మూడో రోజునుంచి ఆ రొట్టె ముక్కలే రాత్రి భోజనం. అత్తగారు అడిగితే ఇద్దరూ ఆకలి లేదనేవారు.

మూడో అంతస్తులో ఒక ముసలావిడ అయితే మామగారి కాగితం లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, "ఆగు నాయనా," అంది. గంటసేపు ఆపింది. తన రెండు బకెట్ల లెక్క మూడుసార్లు కూడి, ఆయన్ని నిలబెట్టి ప్రశ్నలు వేసి, ఆఖరికి డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చింది. మెట్లు దిగుతుంటే మామగారి మొహం వెలిగిపోతోంది.

"ఎంత మంచి మనిషి చూశారా అల్లుడుగారూ. ఒక్క ముక్క నమ్మలేదు!"

పదహారు మంది ఇచ్చారు, కొందరు గొణుక్కుంటూ, కొందరు సిగ్గుపడుతూ. పదిహేడో ఆయన అలమరాయన. అలమర ఖరీదు రెండు వేల ఆరు వందల నలభై, ఆయన ఇవ్వవలసింది ఆరు వందల అరవై. నాలుగుసార్లు వెళ్ళారు. నాలుగోసారి ఆయన రొట్టె మొత్తం తినేసి, "ఊరికే అన్నారు, తీసుకున్నాను. ఆవిడ ఉద్యోగం సంగతి నాకెందుకు?" అని తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం మెట్ల మీద కూచుని సంచీలో డబ్బు లెక్కపెట్టింది అల్లుడే. నాలుగుసార్లు లెక్కపెట్టాడు. అయిదు వేల తొమ్మిది వందల నలభై. తనకి లెక్కలు రావు కాబట్టి తప్పయి ఉంటుందని ఆశపడి అయిదోసారి కూడా లెక్కపెట్టాడు. అంతే వచ్చింది.

"ఇప్పుడెలాగండీ?"

"రేపు చూద్దాం," అన్నారు మామగారు, సంచీ తీసుకుంటూ.

శనివారం పొద్దున్న నాలుగో కౌంటరు ముందు మామగారు సంచీ, దాని పక్కన ముత్యాల్లాంటి దస్తూరీతో రాసిన పట్టీ పెట్టారు. ఒకదాని కింద ఒకటి అంకెలు, అడుగున గీత, గీత కింద మొత్తం. మేనేజరు సంచీలో నోట్లు లెక్కపెట్టాడు. ఆరు వేల ఆరు వందలు. పట్టీ అడుగున చూశాడు. ఆరు వేల ఆరు వందలు.

"మధ్యలో అంకెలు కూడి చూసుకోరా?" అన్నారు మామగారు, ఎటో చూస్తూ.

"మీరు కూడాక మళ్ళీ కూడేదేముంది సార్, అది తప్పయితే సూర్యుడు పడమట పొడుస్తాడు," అని మేనేజరు యజమానికి ఫోను కలిపాడు. కౌంటరావిడ కౌంటరు దాటుకుని ఇవతలికి వచ్చేసింది.

"అందరూ ఇచ్చారా బాబాయిగారూ? ఆ అలమరాయన కూడానా?"

"ఇవ్వకేం చేస్తాడమ్మా. వెళ్ళు, వెళ్ళి కౌంటర్లో కూచో. ఎవరైనా రెండు సగాలంటే రొట్టె గుర్తు తెచ్చుకో."

ఆవిడ నవ్వుతూ కళ్ళు తుడుచుకుని వెళ్ళి తన చోట కూచుంది. ఆవిడ ముందు అప్పుడే ముగ్గురు నిలబడ్డారు.

అల్లుడు మాత్రం పట్టీ దగ్గరే ఉండిపోయాడు. గీతకి పైన ఉన్న అంకెలు పదిహేడు కావు, పదహారు. వేళ్ళ మీద కూడాడు. అయిదు వేల తొమ్మిది వందల నలభై. కింది నుంచి పైకి కూడాడు. అయిదు వేల తొమ్మిది వందల నలభై. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో, ఆరేళ్ళ రిటైర్మెంటులో అణా తేడా రానివ్వని చెయ్యి ఆరు వందల అరవై తేడాతో నిబ్బరంగా మొత్తం వేసి ఉంది.

"మామయ్యగారూ," అన్నాడు రహస్యంగా, "ఈ కూడిక తప్పండి."

మామగారు పట్టీ అందుకుని, రెండు మడతలు పెట్టి, మేనేజరు బల్ల సొరుగులోకి తనే తోసేశారు. తర్వాత అల్లుడి భుజం మీద చెయ్యి వేసి తలుపు వైపు నడిపించారు.

"అల్లుడుగారూ, మీకు లెక్కలు రావు కదూ?"

అల్లుడు ఆయన మొహంలోకి చూశాడు. "రావండి," అన్నాడు.

"మంచిది. ఇంటికెళ్ళాక మీ అత్తగారు అడిగినా ఆ మాట మీదే ఉండండి."